తలకు దెబ్బ తగిలితే పిల్లల కన్ను కూడా చూడండి
రాజీవ్ ఆరోగ్యశ్రీ లబ్ధిదారుల కోసం వివరణ పత్రం



పిల్లలన్నాక పడతారు, లేస్తారు. నుదుటి మీద బొప్పి కట్టని పిల్లలు ఏ ఇంట్లోనూ ఉండరు. చాలా బొప్పులు నాలుగు రోజుల్లో వాటంతటవే తగ్గిపోతాయి. అయితే తలకు, ముఖానికి తగిలిన దెబ్బ కొన్నిసార్లు కన్ను కూర్చునే ఎముకల గూటి దాకా వెళ్తుంది. అప్పుడు బయటికి పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు. కన్ను తెల్లగానే ఉంటుంది, రక్తం కారదు, పిల్లాడు మాత్రం వాంతులు చేసుకుంటూ కళ్లు మూసుకుని పడుకుంటాడు. ఇంట్లోవాళ్లు "తిన్నది అరగలేదేమో" అనుకుంటారు. లేదంటే "దెబ్బకు తల తిరుగుతోంది, పడుకుంటే తగ్గుతుంది" అంటారు. ఈలోగా కంటిని కదిలించే కండరం ఎముకల మధ్య ఇరుక్కుని నలిగిపోతూ ఉంటుంది.

ఈ పత్రంలో చెప్పే ముఖ్యమైన మాట ఒక్కటే. పిల్లల తలకు గట్టి దెబ్బ తగిలితే పైగాయం చూసి ఊరుకోకండి. కన్ను నాలుగు వైపులా కదులుతోందా, రెండు కళ్లకూ కనిపిస్తోందా అన్నది కూడా చూడండి. తేడా ఉంటే అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. కార్డు కోసం, డబ్బు కోసం, పోలీసు కాగితం కోసం ఇంటి దగ్గర ఆగాల్సిన పని లేదు. ఎందుకు ఆగక్కర్లేదో కింద వివరంగా ఇచ్చాం.

కంటి గూడు అంటే ఏమిటి?

మీ కనుబొమ్మ కింద వేలితో తడిమి చూడండి. గట్టి ఎముక అంచు తగులుతుంది. ఆ అంచు నుంచి లోపలికి గరాటులాగా సన్నబడుతూ వెళ్లేదే కంటి గూడు. ఏడు ఎముకలు కలిస్తే ఆ గూడు తయారవుతుంది. అందులో కనుగుడ్డు, దాన్ని తిప్పే కండరాలు, చుట్టూ మెత్తటి కొవ్వు, వెనకాల చూపును మెదడుకు చేరవేసే కంటి నరం ఉంటాయి.

గూటి పైకప్పుకు అవతల ఉన్నది మెదడు. అడుగు కింద ఉన్నది చెంప ఎముక లోపలి గాలి గది. దీన్నే సైనస్ అంటారు. ముక్కు వైపు గోడ కాగితమంత పల్చగా ఉంటుంది. అంచు గట్టిదే గానీ లోపలి గోడలు పల్చనివి. అందుకే అంచు మీద దెబ్బ తగిలినప్పుడు అంచుకు ఏమీ కాకుండా లోపలి గోడ చిట్లడం జరుగుతుంది.

పిల్లల్లో రెండు తేడాలు

మొదటిది తల పరిమాణం. పుట్టినప్పుడు పుర్రె భాగం ముఖ భాగం కంటే సుమారు 8 రెట్లు పెద్దగా ఉంటుంది. పెద్దయ్యేసరికి అది సుమారు 2 రెట్లకు తగ్గుతుంది. అంటే చిన్నపిల్లలు బోర్లా పడితే ముందు నేలకు తగిలేది నుదురే. పెద్దవాళ్ల నుదుటి ఎముక లోపల ఒక గాలి గది ఉంటుంది. అది దెబ్బను కొంత తట్టుకుంటుంది. పిల్లల్లో ఆరేడేళ్ల దాకా ఆ గది సరిగా ఏర్పడదు. దాంతో నుదుటి దెబ్బ నేరుగా కంటి గూటి పైకప్పుకు పాకుతుంది. ఏడేళ్ల లోపు పిల్లల్లో పైకప్పు చిట్లడం ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

రెండో తేడా ఎముక స్వభావం. ఎండిన వేప పుల్లను వంచితే పుటుక్కున విరుగుతుంది. పచ్చి పుల్ల వంగి, ఒక పక్క చీలి, వదిలితే మళ్లీ వెనక్కి వస్తుంది. పిల్లల ఎముక పచ్చి పుల్ల లాంటిది. గూటి అడుగు ఎముక దెబ్బకు కిందికి తెరుచుకుని, మరుక్షణమే ఎలుకల బోను తలుపులా టక్కున మూసుకుంటుంది. ఆ రెప్పపాటులో కంటి కండరమో, దాని చుట్టూ ఉన్న కండో ఆ సందులో పడితే అక్కడే ఇరుక్కుపోతుంది. బడి ఈడు పిల్లల్లో ఈ రకం ఎక్కువ.

కన్ను తెల్లగా ఉంది, కానీ పైకి చూడలేకపోతున్నాడు

ఏడెనిమిదేళ్ల పిల్లాడు బడిలో ఆడుకుంటున్నాడనుకోండి. తోటివాడి మోచేయి కంటి దగ్గర తగిలింది. కాసేపు ఏడ్చాడు. కంట్లో ఎరుపు లేదు, చుట్టూ పెద్ద వాపు కూడా లేదు. ఇంటికొచ్చాక అన్నం వద్దన్నాడు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. పైన తిరుగుతున్న ఫ్యాను చూడమంటే తల మొత్తం ఎత్తుతున్నాడు గానీ కన్ను ఎత్తడం లేదు. బలవంతంగా చూడమంటే నొప్పితో ఏడుస్తున్నాడు.

ఇది అడుగు ఎముకలో కండరం ఇరుక్కున్న లక్షణం. బయటికి కన్ను తెల్లగా ఉండటం వల్ల చాలామంది మోసపోతారు. అందుకే 1998లో వైద్య పత్రికల్లో దీనికి "తెల్ల కన్ను" అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. వాంతులు రావడానికీ, కళ్లు తిరిగి పడిపోవడానికీ కారణం ఉంది. కంటి కండరాన్ని లాగితే గుండె వేగం తగ్గుతుంది. ఈ సంబంధాన్ని వైద్యులు 1908లోనే గుర్తించారు. ఇరుక్కున్న కండరం పైకి చూసిన ప్రతిసారీ లాగుతుంది, నాడి నెమ్మదిస్తుంది, వికారం పుడుతుంది. తలకు దెబ్బ తగిలిన పిల్లాడికి వాంతులు అవుతుంటే మెదడు దెబ్బ అనుకోవడం సహజం. మెదడును చూడాల్సిందే. దాంతోపాటు కన్ను కదలికనూ చూడాలి. చూడకపోతే పిల్లాణ్ణి పరిశీలనలో పెట్టి, స్కానులో మెదడు బాగుందని ఇంటికి పంపేసే ప్రమాదం ఉంది.

ఇక్కడ టైము చాలా ముఖ్యం. ఇరుక్కున్న కండరానికి రక్తం సరిగా అందదు. ఆలస్యమైతే అది గట్టిపడి, మచ్చకట్టి, తర్వాత విడిపించినా మునుపటిలా సాగదు. అప్పుడు ఒకటి రెండుగా కనిపించడం ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు. అందుకే ఈ ఒక్క రకంలో డాక్టర్లు వాపు తగ్గేదాకా ఆగరు. వీలైనంత త్వరగా, సాధారణంగా 24 నుంచి 48 గంటల లోపు ఆపరేషన్ చేయాలని చూస్తారు. కళ్లు తిరగడం, నాడి బాగా తగ్గడం ఉంటే ఇంకా తొందరపడతారు. సాధారణంగా కింది రెప్ప లోపలి వైపు నుంచే కోత పెట్టి కండరాన్ని విడిపిస్తారు కాబట్టి ముఖం మీద మచ్చ పడుతుందనే భయం అక్కర్లేదు.

పైరెప్ప మర్నాటికి ఉబ్బితే

రెండేళ్ల పాప మంచం మీద నుంచో, మెట్ల మీద నుంచో పడింది. నుదుటి మీద బొప్పి ఒక్కటే. మర్నాడు పొద్దున లేచేసరికి ఆ పక్క పైరెప్ప నల్లగా కమిలి, కన్ను తెరవలేనంతగా ఉబ్బింది. "బొప్పిలో నీరు కిందికి దిగింది" అని ఊళ్లో అంటుంటారు. నుదుటి వాపు కిందికి జారడం నిజంగానే జరుగుతుంది. అయితే పైకప్పు ఎముక చిట్లినా ఇలాగే కొన్ని గంటలు ఆలస్యంగా పైరెప్ప ఉబ్బుతుంది. బయటి నుంచి చూసి రెండింటికీ తేడా చెప్పడం కష్టం. చిన్నపిల్లల్లో దీన్ని డాక్టరే తేల్చాలి.

పైకప్పు చిట్లిందని తేలినా భయపడిపోకండి. ఎక్కువమంది పిల్లలకు ఆపరేషన్ లేకుండానే ఎముక అతుక్కుంటుంది. ఆసుపత్రిలో ఉంచి మెదడునూ, కంటినీ గమనిస్తారు. ఎముక ముక్క కంటి మీదకో మెదడు మీదకో ఒరిగినా, మెదడు చుట్టూ ఉండే నీరు కారడం ఆగకపోయినా ఆపరేషన్ అవసరం అవుతుంది.

పైకప్పు విషయంలో ఇంకో సంగతి ఉంది. ఎముకతోపాటు మెదడు పొర కూడా చిరిగితే, పెరుగుతున్న మెదడు ఒత్తిడికి ఆ చీలిక మూసుకోకుండా నెలలు గడిచేకొద్దీ వెడల్పవుతుంది. ఇది అరుదు. వచ్చేది ఎక్కువగా మూడేళ్ల లోపు పిల్లలకే. దెబ్బ సంగతి అందరూ మరిచిపోయాక ఒక కన్ను ముందుకు లేదా కిందికి జరిగినట్టు కనిపిస్తుంది. కొందరిలో కన్ను నాడి కొట్టుకున్నట్టు అదురుతుంది. అందుకే "తగ్గిపోయింది కదా" అని మళ్లీ చూపించుకోవడం మానేయకూడదు.

గంటల్లో చూపు తీసే రెండు పరిస్థితులు

ఒకటి, కనుగుడ్డు వెనకాల రక్తం గూడుకట్టడం. కంటి గూడు చుట్టూ ఎముకే. లోపల రక్తం చేరితే వెళ్లడానికి చోటుండదు. కన్ను ముందుకు పొడుచుకొస్తుంది, రెప్ప రాయిలా గట్టిపడుతుంది, నొప్పి భరించలేనంతగా ఉంటుంది, చూపు మసకబారుతుంది. ఇది రోజులు కాదు, గంటల లెక్క. రెప్ప చివర చిన్న కోత పెట్టి ఒత్తిడి తగ్గించే చికిత్స వెంటనే జరగాలి.

రెండు, కంటి నరానికి దెబ్బ. కనుబొమ్మ మీద తగిలిన దెబ్బ ఎముకల గుండా పాకి, వెనక సన్నటి దారిలో ఉన్న నరాన్ని దెబ్బతీయవచ్చు. బయట చిన్న గీత తప్ప ఏమీ ఉండదు, లోపల చూపు తగ్గిపోతుంది. రెండో కన్ను బాగుంటే పిల్లలు ఆ సంగతి చెప్పరు, చాలాసార్లు వాళ్లకే తెలియదు.

ఇంట్లో రెండు నిమిషాల్లో ఇలా చూడండి

"రెండుగా కనిపిస్తోంది" అని చిన్నపిల్లలు నోటితో చెప్పలేరు. వాళ్ల తీరు చెబుతుంది. ఒక కన్ను మూసుకుని చూడటం, తల ఒక పక్కకు వాల్చడం, గడ్డం పైకెత్తి చూడటం, మెట్లు దిగడానికి జంకడం, గ్లాసు పట్టుకోబోయి తప్పడం గమనించండి.

1. బిడ్డ తలను నెమ్మదిగా, కదలకుండా పట్టుకోమని ఒకరికి చెప్పండి. మెడ నొప్పి అంటే ఈ పని చేయకండి. ఎదురుగా బొమ్మనో, తాళం చెవినో పట్టుకుని పైకి, కిందికి, కుడికి, ఎడమకు తిప్పండి. రెండు కళ్లూ కలిసి కదులుతున్నాయా చూడండి. ముఖ్యంగా పైకి.

2. ఒక్కో కన్ను అరచేత్తో తాకకుండా అడ్డుపెట్టి చూడండి. పెద్దపిల్లలైతే వేళ్లు లెక్కపెట్టమనండి. పసిపిల్లలైతే, బాగున్న కన్ను మూసినప్పుడు చేయి తోసేస్తూ ఏడుస్తారు. రెండో కంటికి సరిగా కనిపించడం లేదనడానికి అది గుర్తు కావచ్చు.

3. వెలుతురులో నల్లగుడ్డు మధ్యలోని కంటిపాపలు రెండూ ఒకే సైజులో, గుండ్రంగా ఉన్నాయా చూడండి.

4. ఎదురుగా, పక్క నుంచి ఒక్కో ఫొటో ఫోనులో తీసుకోండి. రెండు మూడు గంటలకోసారి తీసి పోల్చండి. వాపు పెరుగుతోందా, కన్ను ముందుకొస్తోందా తెలుస్తుంది. డాక్టరుకూ ఉపయోగపడుతుంది.

రెప్ప ఉబ్బి మూసుకుపోతే బలవంతంగా తెరవకండి. చూడలేకపోయారంటేనే డాక్టరు చూడాలని అర్థం.

ఇవి కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి

- స్పృహ తప్పడం, ఫిట్స్ రావడం, లేపినా సరిగా లేవకపోవడం, మాట తడబడటం
- ఆగకుండా వాంతులు, కళ్లు తిరిగి పడిపోవడం
- కన్ను పైకి గానీ, ఏదో ఒక వైపు గానీ తిరగకపోవడం, తిప్పితే నొప్పి
- ఒకటి రెండుగా కనిపించడం, చూపు తగ్గడం
- కన్ను ముందుకు పొడుచుకురావడం, లేదా లోపలికి గుంటపడటం
- దెబ్బ ఒక చోటే తగిలినా రెండు కళ్ల చుట్టూ నల్లగా కమలడం
- ముక్కు నుంచో, చెవి నుంచో నీళ్లలాంటి ద్రవం, రక్తం కారడం
- కంటిపాప ఆకారం మారడం, కంట్లో కోత, ఏదైనా గుచ్చుకుని ఉండటం

ఏడాది లోపు బిడ్డ తలకు గట్టి దెబ్బ తగిలితే లక్షణాల కోసం ఎదురుచూడకుండా డాక్టరుకు చూపించండి.

ఇవి మాత్రం చేయకండి

బొప్పిని అణచాలని అరచేత్తో గట్టిగా రుద్దకండి. గాయం మీద పసుపు, కాఫీ పొడి, సున్నం పెట్టకండి. కంట్లో చనుబాలు, ఆకు పసరు, ఆముదం, తేనె వేయకండి. ఇంట్లో మిగిలిపోయిన చుక్కల మందు వాడకండి. పరీక్ష లేకుండా మెడికల్ షాపులో ఇచ్చే చుక్కలూ అంతే.

ముక్కు చీదనివ్వకండి. సైనస్ వైపు ఎముక చిట్లి ఉంటే, చీదినప్పుడు గాలి కంటి గూట్లోకి దూరి రెప్ప ఉబ్బుతుంది. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మమనండి.

కనుగుడ్డుకే గాయమైందని అనుమానం ఉంటే కడగకండి, నొక్కకండి, దూది పెట్టి కట్టు కట్టకండి. గుచ్చుకున్నది పీకకండి. శుభ్రమైన పేపరు కప్పును ఎముక అంచు మీద ఆనేలా బోర్లించి, కన్ను తాకకుండా టేపు అంటించి తీసుకెళ్లండి.

ఆపరేషన్ అవసరం పడొచ్చు కాబట్టి దారిలో తినడానికి, తాగడానికి ఏమీ పెట్టకండి. చివరిసారి ఏం తిన్నారో, ఎన్నింటికి పాలు తాగారో గుర్తుంచుకుని డాక్టరుకు చెప్పండి. పిల్లలకు ఆస్పిరిన్ అసలు ఇవ్వొద్దు.

ఏ ఆసుపత్రికి వెళ్లాలి?

తలకు దెబ్బ, కంటికి తేడా రెండూ ఉన్నప్పుడు సీటీ స్కాన్, మెదడు డాక్టరు, కంటి డాక్టరు ముగ్గురూ అందుబాటులో ఉన్న చోటు కావాలి. కంటి ఆసుపత్రి ఒక్కటే చాలదు, ఎందుకంటే మెదడు సంగతి ముందు తేలాలి. 108 సిబ్బందికి "తల దెబ్బ, కన్ను కదలడం లేదు" అని స్పష్టంగా చెబితే సరైన ఆసుపత్రికి తీసుకెళ్తారు. దగ్గరలోని పల్లె దవాఖానా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ముందు చూపించినా రెఫర్ చీటీ చేతికొచ్చాక ఇంటికి తిరిగి రాకండి. ఆ దారినే ముందుకెళ్లండి.

ఎక్స్‌రే బాగుందంటే కంటి గూడు బాగున్నట్టు కాదు. కండరం ఇరుక్కునే చీలిక ఎక్స్‌రేలో చాలాసార్లు దొరకదు. స్కానులోనూ అది వెంట్రుక గీతలా కనిపించి తప్పిపోవచ్చు. అందుకే కంటి కదలికను డాక్టరు స్వయంగా పరీక్షించడం ముఖ్యం. స్కానుకు రేడియేషన్ ఉంటుంది, అవసరం లేకుండా తీయించమని పట్టుబట్టకండి. డాక్టరు అవసరమంటే మాత్రం భయపడి వద్దనకండి. "కన్ను పైకి తిరుగుతోందా చూశారా సార్, కంటి గూడు కూడా స్కానులో వచ్చిందా" అని మీరు అడగొచ్చు. అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

ఆరోగ్యశ్రీ ఎలా ఉపయోగపడుతుంది?

ఆరోగ్యశ్రీ పథకం ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఒక్కో కుటుంబానికి ఏడాదికి రూ. 10 లక్షల దాకా పరిమితి పెరిగింది. ప్రభుత్వ ఆసుపత్రులతోపాటు నెట్‌వర్క్‌లో ఉన్న ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ ఇది వర్తిస్తుంది.

మామూలు జబ్బుకైతే ముందు అనుమతి, తర్వాత చికిత్స. అత్యవసరంలో ఆ వరుస మారుతుంది. ఆసుపత్రి వాళ్లు ఫోను మీదే అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టే ఏర్పాటు పథకంలో ఉంది. కాగితాలు తర్వాత పెట్టొచ్చు. అందుకే కార్డు ఊళ్లో ఉండిపోయిందని వెనక్కి వెళ్లకండి. ఇంట్లో ఉన్నవాళ్లను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమనండి, అసలు కార్డు తర్వాత తెప్పించుకోండి.

ఆసుపత్రికి చేరాక ఒకరు బిడ్డ దగ్గర ఉండండి, ఇంకొకరు ఆరోగ్యమిత్ర డెస్కుకు వెళ్లండి. ఆరోగ్యమిత్రను ఈ నాలుగు సంగతులు అడగండి.

- మా బిడ్డకు రాసిన చికిత్స ఏ ప్యాకేజీ కింద వస్తుంది?
- అనుమతికి పంపారా, ఎన్ని గంటలకు పంపారు?
- ఈ ఆసుపత్రిలో ఈ విభాగం లేకపోతే ఎక్కడికి పంపుతారు, అంబులెన్సు ఎవరు చూస్తారు?
- డిశ్చార్జి తర్వాత మందులు ఎన్ని రోజులకు ఇస్తారు, మళ్లీ చూపించుకోవడానికి ఎప్పుడు రావాలి?

ప్యాకేజీ కింద చేరాక పరీక్షలు, ఆపరేషన్, మందులు, భోజనం అందులోనే వస్తాయి. వాటికి విడిగా డబ్బు అడిగితే ఆరోగ్యమిత్రకు చెప్పండి. అక్కడ పరిష్కారం కాకపోతే 104కి ఫోన్ చేయండి. మీరు కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి.

కార్డులో బిడ్డ పేరు లేకపోతే?

చాలా ఇళ్లలో వచ్చే చిక్కు ఇదే. పెద్దవాళ్ల పేర్లు ఆహార భద్రత కార్డులో ఉంటాయి, తర్వాత పుట్టిన పిల్లలవి చేర్చి ఉండరు. పేరు లేకపోయినా అత్యవసరంలో బిడ్డను చేర్పించడం ఆపకండి. జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల కార్డు, ఆధార్ ఉంటే ఆరోగ్యమిత్రకు చూపించి ఏం చేయాలో అడగండి. ప్రమాదం జరగకముందే మీసేవ కేంద్రంలో పేరు చేర్పించుకోవడం అన్నిటికంటే మంచిది. ఈ పత్రం చదవడం పూర్తికాగానే ఒకసారి కార్డు తీసి చూడండి.

రోడ్డు ప్రమాదమైతే

బైకు, ఆటో, కారు ఏదైనా మోటారు వాహనం వల్ల ప్రమాదం జరిగితే కేంద్ర ప్రభుత్వ పథకం కూడా ఉంది. 2025 మే 5న నోటిఫై అయిన ఆ పథకం కింద గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల దాకా, ఒక్కొక్కరికి రూ. 1.5 లక్షల వరకు నగదు కట్టకుండా చికిత్స పొందవచ్చు. దీనికి పోలీసులకు సమాచారం వెళ్లాలి. ఆసుపత్రిలో చేర్చేటప్పుడే రోడ్డు ప్రమాదం అని చెప్పండి.

పోలీసు కేసు అవుతుందని భయపడి "మంచం మీద నుంచి పడ్డాడు" అని అబద్ధం చెప్పకండి. దెబ్బ ఎంత వేగంతో తగిలిందో తెలియకపోతే డాక్టరు వెతికే గాయాలు మారిపోతాయి. కేసు రాయడం ఒక పక్క, చికిత్స ఇంకో పక్క నడుస్తాయి. గాయపడినవాళ్లకు పోలీసు లాంఛనాల కోసం ఆగకుండా చికిత్స చేయాల్సిన బాధ్యత ప్రభుత్వ, ప్రైవేటు డాక్టర్లందరిపైనా ఉందని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పింది.

డిశ్చార్జి తర్వాతే అసలు కాపలా

ఆపరేషన్ బాగా జరిగినా ఒకటి రెండుగా కనిపించడం వెంటనే పోకపోవచ్చు. కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. డాక్టరు చెప్పిన కంటి కదలికల వ్యాయామం చేయించండి. చెప్పినన్ని వారాలు ముక్కు చీదనివ్వకండి, ఆటలకు పంపకండి. జ్వరం వచ్చి కన్ను ఎర్రగా ఉబ్బితే వెంటనే తీసుకెళ్లండి. సైనస్ నుంచి చీము కంటి గూటికి పాకే అవకాశం ఉంటుంది.

చిన్నపిల్లల్లో ఇంకో ప్రమాదం మెల్లగా వస్తుంది. పైరెప్ప వాలిపోయి వారాల తరబడి కన్ను మూసుకుని ఉన్నా, కన్ను పక్కకు తిరిగిపోయినా మెదడు ఆ కంటి నుంచి చూడటం నేర్చుకోవడం మానేస్తుంది. దీన్ని లేజీ ఐ అంటారు. ఎముక అతుక్కుంటుంది, రెప్ప కూడా లేస్తుంది, చూపు మాత్రం తక్కువగానే ఉండిపోతుంది. ఏడెనిమిదేళ్ల లోపు పట్టుకుంటే బాగున్న కంటికి రోజూ కొన్ని గంటలు ప్యాచ్ వేసి రెండో కంటికి చూపు నేర్పించే వీలుంది. వయసు పెరిగేకొద్దీ ఆ వీలు తగ్గుతుంది. కాబట్టి వాపు వారం పది రోజులకు తగ్గకపోయినా, తగ్గాక ఒక కన్ను చిన్నగా, పక్కకు ఉన్నట్టు అనిపించినా కంటి డాక్టరుకు చూపించండి.

డిశ్చార్జి కాగితం, స్కాను సీడీ లేదా ఫిల్ము పారేయకండి. అన్నిటికీ ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. అంగన్‌వాడీకి, బడికి పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం వచ్చినప్పుడు "ఫలానా నెలలో తలకు దెబ్బ తగిలింది" అని చెప్పి కన్ను చూడమనండి. మీ ఆశా కార్యకర్తకూ ఆ సంగతి తెలిసి ఉంటే మీరు మరిచిపోయినా ఆమె గుర్తుచేస్తుంది.

ముందు జాగ్రత్త

పిట్టగోడ లేని డాబా మీద పిల్లలను ఒంటరిగా వదలకండి. సంక్రాంతికి గాలిపటాలు ఎగరేసే రోజుల్లో మరీ జాగ్రత్త. మంచం అంచున పసిబిడ్డను పడుకోబెట్టి పక్కకు వెళ్లకండి. చిర్రగోనె, క్రికెట్ ఆడేచోట చిన్నపిల్లలను ఎదురుగా నిలబెట్టకండి. బైకు ట్యాంకు మీద పిల్లలను కూర్చోబెట్టడం మానేయండి. బ్రేకు వేస్తే ముందు హ్యాండిల్‌కు తగిలేది వాళ్ల నుదురే. 9 నెలల నుంచి 4 ఏళ్ల పిల్లలను బైకు మీద తీసుకెళ్లేటప్పుడు సరిపడే హెల్మెట్, నడిపేవారికి కట్టే బెల్టు ఉండాలని, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదని 2023 ఫిబ్రవరి 15 నుంచి నిబంధన అమల్లో ఉంది.

గుర్తుంచుకోవాల్సినవి

- కన్ను తెల్లగా ఉందని ధీమా వద్దు. పైకి చూడగలుగుతున్నాడా అన్నదే పరీక్ష.
- తల దెబ్బ తర్వాత వాంతులు అయితే మెదడునూ, కంటి కదలికనూ రెండింటినీ చూపించాలి.
- కండరం ఇరుక్కుంటే ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ జరగాలి. కన్ను పొడుచుకొచ్చి చూపు తగ్గితే గంటల్లో చికిత్స అందాలి.
- అంబులెన్సుకు 108. ఆరోగ్యశ్రీ సమాచారానికి, ఫిర్యాదుకు 104.
- బిడ్డ పేరు కార్డులో ఉందో లేదో ఇవాళే చూసుకోండి.

ఈ పత్రాన్ని మీ గ్రామ గ్రూపులో, బడి తల్లిదండ్రుల గ్రూపులో, స్వయం సహాయక సంఘం గ్రూపులో పంపండి. చదవడం రానివాళ్లకు కనీసం "ఇంట్లో ఇలా చూడండి", "వెంటనే 108కి ఫోన్ చేయండి" అన్న రెండు భాగాలు చదివి వినిపించండి.

జిల్లా సమాచార, పౌర సంబంధాల అధికారి కార్యాలయం